లింకు పెట్టే ముందు

అందరికీ నమస్కారం. నన్ను "ఖర్చు లేకుండా ప్రచారం" గురించి మాట్లాడమన్నారు. అంతకంటే ముందు ఒక పదకొండు నిమిషాల సంగతి చెప్పాలి.

సంగీతం నేర్పే టీచర్లు క్లాసుల లెక్క, ఫీజుల లెక్క చూసుకోవడానికి మేం చిన్న యాప్ చేశాం. విడుదల రోజు రాత్రి టీచర్ల గ్రూపులు వెతికి, ఒకే ప్రకటన పద్నాలుగు చోట్ల పెట్టాను. ఒక గ్రూపులో అది ఉన్నది పదకొండు నిమిషాలే. తీసేసిన మోడరేటర్ అడిగారు: "ఇన్నాళ్లలో ఇక్కడ ఎవరికైనా ఒక్క జవాబు చెప్పారా?" ఆ రాత్రి కోపమొచ్చింది. తెల్లారేసరికి సిగ్గేసింది.

1994 ఏప్రిల్‌లో ఇద్దరు లాయర్లు గ్రీన్‌కార్డు ప్రకటనను యూజ్‌నెట్ అనే అప్పటి ఇంటర్నెట్ చర్చావేదికలో వేల గ్రూపుల్లో గుమ్మరిస్తే జనం మండిపడ్డారు. నాది చిన్న కొలత, అంతే. పని అదే.

ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచుకునే డ్రాప్‌బాక్స్ కథ మీలో చాలామంది వినే ఉంటారు. 2008లో, జనం లింకులు పెట్టి ఓట్లేసుకునే డిగ్ అనే సైటులో ఒక వీడియో పెడితే వెయిటింగ్ లిస్టు రాత్రికి రాత్రి 5,000 నుంచి 75,000కి చేరింది. అందరూ ఆ అంకె చెప్పి ఆగిపోతారు. ఆ వీడియో నిండా డిగ్ వాళ్లకే అర్థమయ్యే ఛలోక్తులున్నాయి. ఆ మనుషుల మధ్య మసలకుండా అలాంటివి ఎలా తడతాయి, చెప్పండి?

స్నేహితులతో ఓట్లు వేయించుకోవడం, దొంగ ఖాతాలతో పొగిడించుకోవడం... వాటి గురించి మాట్లాడను. వద్దు, అంతే.

మళ్లీ నా గ్రూపు దగ్గరికొస్తాను. మోడరేటర్‌కు క్షమాపణ రాసి, మూడు నెలలు లింకు ఊసెత్తకుండా జవాబులు రాశాను. ఒకావిడ అడిగారు: "ఒక పాప ఈ నెల మూడు క్లాసులు మానేసింది. పూర్తి ఫీజు అడగడానికి నోరు రావడం లేదు." పాప తల్లికి పంపడానికి నాలుగు వాక్యాల మెసేజ్ రాసిచ్చాను. మర్నాడు ఆవిడ, "పంపాను, ఫీజు వచ్చింది. ఇంతకీ ఈ లెక్కలు మీరెందులో రాస్తారు?" అన్నారు. అప్పుడు చెప్పాను, అది నేను తయారుచేసిందేనని ముందే చెప్పి మరీ.

డబ్బు కట్టిన మొదటి మనిషి ఆవిడే. మొదటి రోజే తప్పు పట్టారు: అక్కాచెల్లెళ్లిద్దరిని ఒకే ఫోన్ నంబరుతో చేరిస్తే రెండో పేరు మాయమవుతోంది. మేం పరీక్షించినన్నాళ్లూ ఒక్కో పేరుకు ఒక్కో నంబరే ఇచ్చాం. ఇళ్లలో అలా ఉండదు కదా!

ఇంకా మూడు స్లైడ్లున్నాయి, వదిలేద్దాం. ఫోన్లు తీయండి. మీ ప్రొడక్టు ఎవరి కోసమో వాళ్లు మాట్లాడుకునే చోటికి వెళ్లి, నిన్నటి నుంచి జవాబు రాని ప్రశ్న ఒకటి వెతకండి. లింకు లేకుండా జవాబు రాయండి. మీరు రాసేదాకా ఇక్కడే నిలబడతాను.