17 గంటల గడువు: బరువైన ఒంటితో సుదీర్ఘ ట్రయాథ్లాన్

(చెన్నై టి.నగర్‌లో తెలుగువారి సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఇంత ఉక్కలో, ఆదివారం సాయంత్రం పానగల్ పార్కు రద్దీ దాటుకుని వచ్చిన పెద్దలకీ, పిల్లలకీ, ముఖ్యంగా వంటింటి పని పక్కనపెట్టి వచ్చిన ఆడవాళ్ళకీ పేరుపేరునా కృతజ్ఞతలు.

నన్ను పిలిచినవాళ్ళు స్ఫూర్తి కలిగేలా ఏదైనా చెప్పమన్నారు. నేను లెక్కలు చెబుతానన్నాను. నాకు ధైర్యం ఇచ్చినవి లెక్కలే. అందుకని కాసేపు ఓపిక పట్టండి.

నేను చెప్పబోయేది ఒకే రోజున, ఒకదాని వెంట ఒకటిగా, 3.8 కిలోమీటర్లు ఈది, 180 కిలోమీటర్లు సైకిల్ తొక్కి, ఆ తర్వాత 42.2 కిలోమీటర్లు పరిగెత్తే పోటీ గురించి. ఐరన్‌మ్యాన్ అనే సుదీర్ఘ ట్రయాథ్లాన్ ఇదే. మలేషియాలోని లంకావీ ద్వీపంలో నేను దాన్ని పూర్తి చేశాను. అప్పుడు నా బరువు 90 కిలోల పైనే. ప్రపంచ స్థాయి పురుషులు ఈ దూరాన్ని 8 గంటల లోపే ముగిస్తున్నారు. మామూలుగా ఈ పోటీకి పెట్టే గడువు 17 గంటలు. నేను ఆ గడువు చివరి భాగంలో చేరాను. ఇవాళ మీకు గట్టిగా చెప్పదలచుకున్న సంగతి ఒక్కటే. 8 గంటల్లో ముగించేవాళ్ళు ఆడే ఆట, 16 గంటల పైన పట్టేవాళ్ళు ఆడే ఆట ఒకటి కావు. దూరం ఒకటే. తిండి వేరు, నీళ్ళు వేరు, ఎండ వేరు, చీకటి వేరు. వేగంగా వెళ్ళేవాళ్ళ కోసం రాసిన సలహాలు మనకి చాలావరకు పనికిరావు, కొన్ని ప్రమాదం కూడా.

ఈ పోటీ పుట్టింది 1978 ఫిబ్రవరిలో, హవాయిలోని ఓహూ ద్వీపంలో. ఈతగాడు గట్టివాడా, సైకిలిస్టా, పరుగు తీసేవాడా అన్న వాదన తేల్చడానికి జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి, ఆయన భార్య జూడీ కలిసి, అక్కడ అప్పటికే ఉన్న మూడు పోటీల దూరాలు కలిపేశారు. 15 మంది బయలుదేరితే 12 మంది పూర్తి చేశారు. మొదట వచ్చిన గోర్డన్ హాలర్‌కి 11 గంటల 46 నిమిషాలు పట్టింది. మరుసటి ఏడాదే లిన్ లెమేర్ అనే సైకిలిస్టు దీన్ని పూర్తి చేసిన మొదటి స్త్రీ అయింది. 2012లో మడోనా బ్యూడర్ అనే క్రైస్తవ సన్యాసిని కెనడాలో ఇదే దూరాన్ని గడువులోపల పూర్తి చేసింది. అప్పటికి ఆవిడ వయసు 82. మన ఇళ్ళల్లో ఆ వయసు వాళ్ళని మేడ మెట్లు ఎక్కనివ్వం.

ఇప్పుడు లెక్క. సాధారణంగా ఈత 2 గంటల 20 నిమిషాల్లో అయిపోవాలి. సైకిల్ దిగేసరికి, మొదలైనప్పటి నుంచి 10 గంటల 30 నిమిషాలు దాటకూడదు. మొత్తం 17 గంటలు. పోటీని బట్టి కొద్దిగా మారుతుంది గానీ, దీన్నే పట్టుకుందాం. వేళచ్చేరిలో 50 మీటర్ల కొలను ఉంది కదా, అందులో 3.8 కిలోమీటర్లంటే 76 సార్లు ఈ చివర నుంచి ఆ చివరకి. గడువు ప్రకారం ఒక్కోసారికి 1 నిమిషం 50 సెకన్లు తీసుకోవచ్చు. ఈత వచ్చినవాళ్ళకి ఇది తొందర కాదు, ఆగకుండా ఈదాలి అంతే. సైకిల్‌కి, బట్టలు మార్చుకునే సమయం పోను, 8 గంటలు మిగులుతాయి. అంటే గంటకి 22.5 కిలోమీటర్లు. ఆఖరున 42 కిలోమీటర్లకి దాదాపు 6 గంటల 20 నిమిషాలు. కిలోమీటరుకి 9 నిమిషాలు. బీచి రోడ్డు మీద చురుగ్గా నడిచే మనిషికి కిలోమీటరుకి 10 నిమిషాలు పడుతుంది. అంటే నడకకీ మన పరుగుకీ తేడా కిలోమీటరుకి ఒక్క నిమిషం.

ఈ లెక్క కాగితం మీద వేసుకున్న రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇది చేయగలిగే పనే అని అర్థమైనందుకు.

లెక్కలో ఇంకో సంగతి కనపడుతుంది. మనం గెలిచినా ఓడినా సైకిల్ మీదే. ఈతలో బరువు అడ్డం కాదు, కొవ్వు నీళ్ళల్లో తేలుతుంది కాబట్టి కాస్త సాయం కూడా. చదును రోడ్డు మీద సైకిల్‌కి పెద్ద శత్రువు గాలి, బరువు కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ప్రతి కిలో లెక్కలోకి వస్తుంది. మన ఈసీఆర్, అంటే ఈస్ట్ కోస్ట్ రోడ్డు, చదునైనది. తిరువాన్మియూరు నుంచి మహాబలిపురం వెళ్ళి రావడం దాదాపు 90 కిలోమీటర్లు, అంటే సగం దూరం. జూన్, జూలైల్లో వెళ్ళేటప్పుడు నైరుతి గాలి ఎదురు కొడుతుంది. ఆ గాలే మనకి కొండ. అసలు కొండ కావాలంటే ఏలగిరి వెళ్ళాలి, లంకావీ లాంటి చోటికి వెళ్ళదలచినవాళ్ళు తప్పకుండా వెళ్ళాలి. సైకిల్ కొనేటప్పుడు బరువు తక్కువున్న ఖరీదైన చక్రాల జోలికి పోకండి. 32 గానీ 36 గానీ పుల్లలున్న చక్రం, 28 మిల్లీమీటర్లకు తగ్గని టైరు, ఎత్తుకి పనికొచ్చే చిన్న గేర్లు అడగండి. మన బరువుకి గాలి కూడా కాస్త ఎక్కువ కొట్టాలి.

ఇక ఎండ. నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది దీని గురించే.

పరిగెత్తే మనిషి కిలోమీటరుకి, ఒంటి బరువులో ప్రతి కిలోకీ, సుమారు 1 కేలరీ ఖర్చు చేస్తాడు. 60 కిలోల మనిషికి మారథాన్‌లో 2,500 కేలరీలు. 90 కిలోల మనిషికి 3,800. అందులో ఎక్కువ భాగం వేడిగా మారుతుంది. ఆ వేడి చర్మం మీదుగానే బయటికి పోవాలి. బరువు పెరిగినంతగా చర్మం పెరగదు. అంటే పొయ్యి పెద్దది, పొగగొట్టం మాత్రం అంత పెద్దది కాదు. చెమట ఆవిరైతేనే ఒళ్ళు చల్లబడుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే 580 కేలరీల దాకా వేడిని తీసుకుపోతుంది. కారి కిందపడిన చెమట ఏమీ తీసుకుపోదు. చెన్నై గాలిలో తేమ వల్ల మన చెమట సగం నేలపాలే. అందుకే ఇక్కడ 33 డిగ్రీలు పొడి ఊళ్ళో 38 కంటే ప్రమాదం.

వేగంగా వెళ్ళేవాళ్ళు మధ్యాహ్నం ఎండ పూర్తిగా ముదిరేలోపే చాలా దూరం వెళ్ళిపోతారు. మనం నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు సైకిల్ మీద ఉంటాం, సాయంత్రం ఎండలో పరుగు మొదలుపెడతాం. కాబట్టి ఎండకి అలవాటు పడడం మన సాధనలో భాగం. రోజూ కొంతసేపు వేడిలో శ్రమిస్తే 10 నుంచి 14 రోజుల్లో ఒంట్లో మార్పు వస్తుంది. రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట ముందే మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. చెన్నైలో ఉండడం ఈ విషయంలో మన అదృష్టం. అలాగని రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం పరుగులకి దిగమనడం లేదు. ఉదయం 8 దాటాక ఓ గంట, పక్కన ఎవరైనా ఉండగా. తల తిరిగినా, చెమట ఆగిపోయినా, మాట తడబడినా ఆ రోజుకి అక్కడితో ఆపేయాలి. పోటీ రోజున తాగడానికి ఎన్ని నీళ్ళో, నెత్తి మీద పోసుకోవడానికి అన్ని. తుండు గుడ్డలో ఐసు ముక్కలు కట్టి మెడకి చుట్టుకుంటే ఎంత ప్రాణం లేచొస్తుందో చెప్పలేను.

నీళ్ళ గురించి జాగ్రత్తగా వినండి. "దాహం వేయకముందే తాగుతూ ఉండు" అని అందరూ చెప్తారు. నెమ్మదిగా వెళ్ళేవాళ్ళకి ఈ మాట కీడు చేయవచ్చు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే, 13 శాతం మందిలో సోడియం, అంటే ఉప్పులో ఉండే పదార్థం, ఉండాల్సినదానికంటే తక్కువగా ఉంది. ఎవరిలో ఎక్కువ? పరుగులో బరువు తగ్గడానికి బదులు పెరిగినవాళ్ళలో, 4 గంటల పైన పట్టినవాళ్ళలో. అంటే కనపడిన ప్రతి బల్ల దగ్గరా ఆగి గ్లాసు నీళ్ళు తాగిన నెమ్మదివాళ్ళలో. వేగంగా వెళ్ళేవాడికి అన్ని నీళ్ళు తాగే తీరికే ఉండదు. నీళ్ళు ఎక్కువై రక్తంలో సోడియం పలచబడి మరీ పడిపోతే మెదడు ఉబ్బుతుంది, ప్రాణం మీదికి వస్తుంది.

దీనికి ఇంట్లోనే చేసుకునే పరీక్ష ఉంది. గంటసేపు సైకిల్ తొక్కే ముందు, తర్వాత, ఒళ్ళు తుడుచుకుని బరువు చూసుకోండి. ఒక కిలో తగ్గితే ఒక లీటరు చెమట పోయినట్టు. మధ్యలో తాగింది కలుపుకోవాలి. వేసవిలో ఒకసారి, మార్గశిరంలో ఒకసారి చూసుకుంటే మీ ఒంటి లెక్క మీకు తెలుస్తుంది. ఉత్త నీళ్ళు కాకుండా మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ పొడి కలుపుకోండి, ఉప్పు వేసిన పల్చటి మజ్జిగైనా మంచిదే. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు, ముఖ్యంగా మూత్రం ఎక్కువయ్యే మాత్రలు వాడేవాళ్ళు, ఈ ఉప్పు సంగతి డాక్టరుని అడక్కుండా ఏదీ మొదలుపెట్టకండి. ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్ష ముందే చేయించుకోవాలి. ఇందులో మొహమాటం వద్దు.

తిండి. ఒంట్లో నిల్వ ఉండే పిండి పదార్థం దాదాపు 2,000 కేలరీల విలువ చేస్తుంది. 16 గంటల పనికి అది ఏ మూలకీ చాలదు. గంటకి 60 గ్రాముల దాకా పిండి పదార్థం పేగులు తీసుకోగలవు, అలవాటు చేస్తే ఇంకా ఎక్కువ. ఒక అరటిపండులో 25 గ్రాములు. 8 గంటల సైకిల్‌లో అన్నీ పోటీల్లో వాడే తియ్యటి జెల్ పాకెట్లే తింటే నోరు, కడుపు రెండూ ఎదురు తిరుగుతాయి. నేను ఉప్పు చల్లిన ఉడికించిన బంగాళాదుంప ముక్కలు, ఖర్జూరం, పొడి అద్దిన చిన్న ఇడ్లీలు పెట్టుకుంటాను. మా అత్తయ్యగారు "మహాబలిపురం సైకిల్ మీదా?" అని మొదట కంగారుపడ్డారు. ఇప్పుడు శనివారం రాత్రే ఆ ఇడ్లీలకి నేనడక్కుండా నెయ్యి తగ్గించి పొడి అద్ది డబ్బాలో సర్దుతున్నారు. నెయ్యి ఎక్కువైతే సైకిల్ మీద అరగదని ఆవిడే కనిపెట్టారు.

పరుగులో అడుగు నేలని తాకిన ప్రతిసారీ ఒంటి బరువుకి రెండు మూడు రెట్ల భారం కాలి మీద పడుతుంది. అందుకే మొదటి కిలోమీటరు నుంచే పరుగు, నడక కలపాలి. అలిసిపోయాక నడవడం కాదు, అలిసిపోకముందే. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, ఇదీ నా పద్ధతి. తొడలు ఒరుసుకునే చోట వాజలిన్ పట్టించాలి, గంటగంటకీ మళ్ళీ. దీని గురించి ఆడవాళ్ళం ఒకరితో ఒకరం కూడా మాట్లాడుకోం. మాట్లాడుకోవాలి. ఎందుకంటే సాధన మానేసినవాళ్ళలో చాలామంది ఆయాసం వల్ల కాక ఈ ఒరుపు వల్ల మానేసినవాళ్ళే అని నాతో చెప్పారు. ఈత దుస్తుల సంగతీ అంతే. మోకాళ్ళదాకా, మోచేతులదాకా ఉండే దుస్తులు దొరుకుతాయి, పెద్ద సైజుల్లోనూ దొరుకుతాయి. సముద్రంలో ఈత మాత్రం ఒంటరిగా వద్దు. మెరీనాలో అలల్లోకి దిగి ప్రాణాలు పోగొట్టుకున్న పిల్లల వార్తలు చదువుతూనే ఉన్నాం. చెన్నై దగ్గరి కోవళం వైపు, సముద్రం తెలిసిన జాలరి పడవ వెంట ఉండగా, నడుముకి నీళ్ళ మీద తేలే రంగు బుడగ కట్టుకుని, గుంపుగా ఈదాలి. ఈశాన్య రుతుపవనాలు మొదలయ్యాక, అక్టోబరు నుంచి, కొలనుకే పరిమితం కావడం మంచిది.

"ముందు బరువు తగ్గి తర్వాత మొదలుపెట్టు" అని మనకి అందరూ చెప్తారు, ప్రేమతోనే చెప్తారు. నేను దానికి ఒప్పుకోను. అమెరికా ట్రయాథ్లాన్‌లో బరువైనవాళ్ళకి విడిగా వర్గాలున్నాయి. పురుషుల్లో దాదాపు 100 కిలోలు, స్త్రీలలో దాదాపు 75 కిలోలు దాటినవాళ్ళు అందులో పోటీపడతారు. అంటే ఈ ఒంటితోనే ఇది ఆడవచ్చని అక్కడివాళ్ళు పోటీ నియమాల్లోనే ఒప్పుకున్నారు. నా బరువు సాధనలో కొంత తగ్గింది, తర్వాత ఆగిపోయింది. ఈత ఆగలేదు, సైకిల్ ఆగలేదు. రక్తంలో చక్కెర, నిద్ర, నడుము నొప్పి మెరుగయ్యాయి. తూకం యంత్రం చెప్పేదొక్కటే ఆరోగ్యం అనుకుని ఉంటే నేను ఆ రోజు రాత్రి లంకావీ రోడ్డు మీద ఉండేదాన్ని కాదు. అక్కడ చివరి గంటలో నా పక్కన నడిచినవాళ్ళలో ఒక తాతగారు, బిడ్డ పుట్టిన ఏడాదికి వచ్చిన ఒక తల్లి, నాకంటే బరువైన ఒక యువకుడు ఉన్నారు. ఒకరి పేరు ఒకరికి తెలియదు. ముందున్నవాళ్ళు వెనక్కి తిరిగి సమయం కేకేసి చెబుతూ, అందరం గడువులోపల చేరాం.

నేరుగా ఆ దూరానికి వెళ్ళమనను. 2019 నుంచి గోవాలో సగం దూరం పోటీ జరుగుతోంది. 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిల్, 21.1 పరుగు, గడువు 8 గంటల 30 నిమిషాలు. దానికంటే ముందు ఒలింపిక్ దూరం ఉంది, 1.5, 40, 10. అక్కడ మొదలుపెట్టండి.

ఈ సభలో పోటీలు నిర్వహించేవాళ్ళు కూడా ఉన్నారు కాబట్టి ఒక విన్నపం. ఒక పోటీలో నేను పరుగు ఆఖరి మలుపుకి చేరేసరికి నీళ్ళ బల్లలు ఎత్తేశారు, ఐసు అయిపోయింది. గడువు ఇంకా మిగిలే ఉంది. ఎండలో అందరికంటే ఎక్కువసేపు ఉన్నవాళ్ళకే ఉప్పూ నీళ్ళూ ఎక్కువ కావాలి. కాబట్టి సరుకు లెక్క వేసేటప్పుడు తల ఒక్కింటికి కాకుండా గంట ఒక్కింటికి వేయండి. ఆఖరి మనిషి వచ్చేదాకా బల్ల, దీపం, వైద్యుడు ఉండాలి. పెద్ద సైజు టీషర్టులు ముందే తెప్పించండి. ఆడవాళ్ళకి తలుపున్న బట్టలు మార్చుకునే గది కావాలి.

మేం కొంతమందిమి ఆదివారాలు తెల్లవారుజామున 5 గంటలకి తిరువాన్మియూరు నుంచి ముట్టుకాడు దాకా సైకిల్ మీద వెళ్ళి వస్తాం. రానూపోనూ 40 కిలోమీటర్ల దాకా. ఎంత నెమ్మదిగా వచ్చినా ఎవరినీ వెనక వదిలిపెట్టం. ఏ సైకిలైనా ఫరవాలేదు గానీ హెల్మెటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. మోకాళ్ళ గురించి అడిగేవాళ్ళు ముందు అడగండి, వెనక వరుసలో ఎముకల డాక్టరుగారు ఉన్నారు, ఆవిడ ఎనిమిదింటికల్లా వెళ్ళిపోవాలి.