ఊరంతా తెరవాలా, దారి వెయ్యాలా?

అందరికీ నమస్కారం. మనం కూర్చున్నది విజయనగరంలో కాబట్టి ఉదాహరణకీ ఈ ఊరే తీసుకుందాం. ముప్పై ఏళ్ల లక్ష్మి, విడాకులయ్యాక, సిరిమానోత్సవానికి ఊరొస్తుంది. పాత స్నేహితుడు కలుస్తాడు. పెద్దల కోసం చేస్తున్న విజువల్ నావెల్ ఇది, అంటే బొమ్మలూ మాటలూ చూస్తూ, మధ్యమధ్య దారి ఎంచుకుంటూ ఆడే కథ. రాత, బొమ్మలు, కోడు, టెస్టింగు, అన్నీ ఒక్కరే చేసుకోవాలి. ఊరంతా తెరిచిపెట్టి ఆటగాణ్ణి ఇష్టమొచ్చిన చోటికి పోనివ్వాలా, కథని వరసలో నడపాలా?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక్కరే చేసేటప్పుడు వెన్నెముక వరస కథే కావాలి. తెరిచిన భాగం చిన్నదిగా, మధ్యమధ్యలో ఉండాలి.

లెక్క చూడండి. కోట, గంటస్తంభం, మూడు లాంతర్ల కూడలి, అయ్యకోనేరు గట్టు, రైల్వే స్టేషన్, లక్ష్మి ఇల్లు: ఆరు చోట్లు. ఉదయం, సాయంత్రం, రాత్రి: మూడు పూటలు. ఏడు రోజులు. ఆరు మూళ్లు పద్దెనిమిది, దాన్ని ఏడుతో హెచ్చిస్తే 126 గళ్లు. ఆటగాడు ప్రతి గడిలోనూ అడుగుపెట్టగలడు, ప్రతిదానికీ మీరు జవాబు రాయాలి. కథ నిజంగా జరిగేది 30 గళ్లలో అనుకుంటే తక్కిన 96 చోట్లా ‘ఇక్కడెవరూ లేరు’ అనే కదా రాస్తారు! నాలుగుసార్లు ఖాళీ చోటుకి వెళ్లినవాడు వెతకడం మానేసి, ఎక్కడికెళ్లాలో వరసగా చెప్పేసే వాక్‌త్రూ తెరుస్తాడు. ఇక ఆ స్వేచ్ఛ ఎవరి కోసం?

అంతకన్నా పెద్ద చిక్కు వరస తప్పడం. పెద్దల కథలో ఇద్దరి దగ్గరితనం అంతకుముందు వాళ్లు మాట్లాడుకున్న మాటల మీద నిలబడుతుంది. గట్టు మీద గొడవ, తర్వాత స్టేషన్‌లో రాజీ. ఆటగాడు గట్టుకి వెళ్లకుండా నేరుగా స్టేషన్‌కి వెళ్తే ఆ రాజీ దేనికో అర్థం కాదు. దీనికి చాలామంది సీనుకో ఫ్లాగు పెడతారు, అంటే ఆ సీను చూశాడా లేదా అని కోడులో అవును-కాదు గుర్తు. ఒకదానితో ఒకటి సంబంధం లేని పది ఫ్లాగులంటే 1024 రకాల స్థితులు. ఒక్క మనిషి అన్నీ ఆడి చూడలేడు. ఫ్లాగుల బదులు ‘లక్ష్మి దశ’ అని ఒకే అంకె పెట్టండి, 0 నుంచి 6 దాకా. ప్రతి ముఖ్యమైన సీనూ తన దశలోనే తెరుచుకోవాలి, అయిపోయాక అంకెని ఒకటి పెంచాలి. స్థితులు ఏడుకి దిగిపోతాయి.

ఊరు తెరిచిన ఆటల్లో ఖాళీ నింపడానికి ఎదుటి పాత్రకి మన మీద ఎంత ఇష్టమో కొలిచే ఇష్టం మీటరు పెట్టి, ఒకే పలకరింపు పదిసార్లు నొక్కిస్తారు. ఇది నాకు అసలు నచ్చదు. ఒక మనిషి ఒప్పుకోవడాన్ని కరెంటు బిల్లు కట్టి రసీదు తీసుకున్నట్టు చూపించకూడదు. లక్ష్మి ఒప్పుకుంటే ఏ మాట విని ఒప్పుకుందో తెలియాలి. కాదంటే కథ ఆ ‘కాదు’తోనే ముందుకు నడవాలి.

మన ఉదాహరణకి పండగే పట్టాలు వేసి పెట్టింది. సిరిమాను దసరా తర్వాతి మంగళవారం, ముందురోజు తొలేళ్లు. ఊరికి రావడం, తొలేళ్ల రాత్రి, సిరిమాను, తిరుగు ప్రయాణం, ఇవి కదలని సీన్లు. వాటి మధ్య కొన్ని సాయంత్రాలు తెరవండి: ఒక్కోదానికి మూడు చోట్లు, రెండు అవకాశాలు. వెళ్లే క్రమాలు ఆరే. ఈ చిన్న సీన్లు ఒకదాని మీద ఒకటి ఆధారపడకూడదు. ఒక్కోటీ ఒక్క గుర్తు వదలాలి, తర్వాతి కదలని సీన్లో ఆ గుర్తుని బట్టి ఒకటి రెండు డైలాగులు మారితే చాలు. అలాంటి సాయంత్రాలు ఐదుంటే 15 చిన్న సీన్లు. ఆటగాడు పది చూస్తాడు, మిగతావాటి కోసం మళ్లీ ఆడతాడు.

నేర పరిశోధన లాంటి కథలకి తెరిచిన ఊరే సరైనది, అక్కడ వెతకడమే ఆట.

శృంగార సీన్లని విడి లేబుళ్లలో, అంటే కోడులో వేరే పేరు పెట్టిన భాగాల్లో పెట్టి, ఒక స్విచ్‌తో దాటిపోయేలా రాయండి. కథకి కావలసిన సమాచారం ఒక్క ముక్క కూడా వాటి లోపల ఉండకూడదు. 2025 జులైలో చెల్లింపు సంస్థల ఒత్తిడితో ఆటలమ్మే స్టీమ్ కొన్ని పెద్దల ఆటల్ని తీసేసింది. అలాంటి ఇంకో సైటు ఇచ్ డాట్ ఐఓ ఆ రకం ఆటల్ని సెర్చ్‌లో కనిపించకుండా చేసింది. రేపు ఏ సీనో తీసెయ్యాల్సి వస్తే వరస కథలో అది ఒక్క చోట దిద్దుబాటు. తెరిచిన ఊళ్లో ఆ సీనుకి దారితీసే ప్రతి తలుపూ వెతుక్కోవాలి.

ఇక విజువల్ నావెళ్లు తయారుచేసే రెన్‌పై అనే సాఫ్ట్‌వేర్ సంగతి. మారే విలువలన్నీ డిఫాల్ట్ (default) అనే ఆదేశంతోనే ప్రకటించండి. డిఫైన్ (define) తో ప్రకటించినదాన్ని ఆట మధ్యలో మార్చినా ఆ మార్పు సేవ్‌లోకి ఎక్కదు. చోటు ఎంచుకునే మ్యాప్ నుంచి సీనుని కాల్ (call) తో పిలిచారా, పిలిచిన చోటికి తిరిగి తెచ్చే రిటర్న్ (return) తోనే వెనక్కి రండి. సీను చివర జంప్ (jump) కొట్టి, అంటే నేరుగా గెంతి, మ్యాప్‌కి వస్తే పిలుపు తాలూకు గుర్తు కాల్ స్టాక్‌లోనే, అంటే ఎక్కడికి తిరిగి రావాలో రెన్‌పై రాసుకునే జాబితాలోనే ఉండిపోతుంది, వెళ్లినప్పుడల్లా ఇంకొకటి పేరుకుంటుంది. చివరికి ఆట ముగిసి రిటర్న్ తగలగానే టైటిల్ తెరకి పోవాల్సింది ఎప్పుడో దాటొచ్చిన సాయంత్రంలోకి పడిపోతుంది. రెన్‌పైలో తప్పులు వెతికే లింట్ దీన్ని పట్టుకోదు. తయారీలో ఉన్నన్నాళ్లూ మ్యాప్ తెర మూలన కాల్ స్టాక్ లోతుని అంకెగా చూపించండి, రెన్‌పైలో దానికి ఫంక్షన్ ఉంది. మ్యాప్‌కి వచ్చిన ప్రతిసారీ అదే అంకె కనబడాలి. పెరిగిందంటే, ఇప్పుడే చూసొచ్చిన సీను చివరి లైనుకి వెళ్లి జంప్ తీసి రిటర్న్ పెట్టండి.