ఆ రాత్రి 500 మెసేజ్‌లు

వేదిక మీది పెద్దలకూ, గురువులకూ నమస్కారం. పేరుపేరునా చెప్పుకోవాలి గానీ నాకిచ్చింది పది నిమిషాలు. పిల్లలూ, డేటా పైప్‌లైన్లలో, అంటే ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి డేటా సాగే దారుల్లో, టైమ్‌అవుట్ల గురించి మాట్లాడమన్నారు. పెట్టిన గడువులో జవాబు రాకపోతే ఇక ఎదురుచూడకపోవడమే టైమ్‌అవుట్. స్లైడ్లు తెచ్చాను. ముందు ఒక రాత్రి సంగతి చెప్పి వాటికొస్తాను.

అప్పుడు నేను పనిచేసే చోట ఖాతాదారులకు మెసేజ్‌లు పంపే ప్రోగ్రామ్ ఉండేది. మెసేజ్‌లను వరసలో దాచి ప్రోగ్రామ్‌లకు అందించే కాఫ్కా అనే సాఫ్ట్‌వేర్‌లోంచి విడతకు 500 తీసుకుని, ఒక్కొక్కటే ఫోన్లకు చేరవేసే ఎస్సెమ్మెస్ గేట్‌వేకి ఇచ్చేది. ఆ 500 డిఫాల్టు, అంటే కాఫ్కాతోనే వచ్చిన అంకె, మేం పెట్టింది కాదు. ఒక్కోదానికి 0.2 సెకను, వంద సెకన్లలో విడత ముగిసేది. ఆ రాత్రి గేట్‌వే నెమ్మదించి 0.7 పట్టింది. లెక్క వేయండి: 350 సెకన్లు. ఒక విడత ముగించి తర్వాతిది అడగడానికి కాఫ్కా డిఫాల్టు గడువు 300. గడువు దాటగానే మా ప్రోగ్రామ్ పోయిందనుకుని కాఫ్కా ఆ 500నీ అదే ప్రోగ్రామ్ ఇంకో కాపీకి అప్పగించింది. అదీ మొదటినుంచి పంపింది. దానికీ 350 సెకన్లే! తెల్లవార్లూ ఇదే వరస.

పొద్దున కస్టమర్ కేర్ వాళ్లు ఒక పెద్దాయన ఫోను నాకు కలిపారు. "రెండు వేలు తీసినట్టు తొమ్మిదిసార్లు వచ్చింది నాయనా. తొమ్మిదిసార్లూ పోయినట్టేనా?" అప్పటికే బ్యాంకు మెట్ల మీద కూర్చుని ఉన్నారట, తలుపులు ఎప్పుడు తీస్తారా అని.

తొమ్మిదిసార్లు, పిల్లలూ!

రిపోర్టులో 'డెవలపర్ తప్పిదం' అని రాశారు. ఆ కుర్రాడు చేరి ఎనిమిది నెలలు. అతని కోడ్‌లో తప్పు లేదు. డిఫాల్టులు చూడాల్సింది సీనియర్లం, మేం చూడలేదు. ఎర్రర్ సందేశంలోనే మందు రాసి ఉంది: గడువు పెంచండి, లేదా విడత తగ్గించండి అని. ఎవరం చదవలేదు. ఆ రిపోర్టు కింద సంతకం నాది.

స్లైడ్లకు టైమ్ లేదు. ఒక్క మాట వినండి. టైమ్‌అవుట్ వస్తే పని జరిగిందో లేదో మనకు తెలియదు, అంతే. జరగలేదనుకుని మళ్లీ పంపేస్తాం, అక్కడే దెబ్బ తింటాం. ప్రతి మెసేజ్‌కీ ఒక నంబరిచ్చి, ఆ నంబరు ముందే వెళ్లిందేమో చూసి పంపండి. మాకది లేదు. ఇంకొకటి, విసుగొచ్చి టైమ్‌అవుట్ సున్నా పెట్టేవాళ్లున్నారు. జావా భాషలో నెట్‌వర్క్ కనెక్షన్‌కి వాడే సాకెట్‌లో రీడ్ టైమ్‌అవుట్, అంటే జవాబు కోసం ఆగే గడువు, సున్నా అంటే ఎంతసేపైనా ఆగమని. దయచేసి పెట్టకండి!

ఆ కుర్రాడు మానేసి వెళ్లేముందు 500ని 50 చేశాడు. నేనున్నన్నాళ్లూ ఆ అంకె అలాగే ఉంది. రిపోర్టు మాత్రం ఎవరూ దిద్దలేదు. నేనూ దిద్దలేదు. అందుకే ఇవాళ మీ అందరి ముందూ చెబుతున్నాను, తప్పు అతనిది కాదు.