పశువుకు వేసిన సూది రాబందును ఎలా చంపింది?

(స్టూడియోలో వ్యాఖ్యాతతో పాటు పక్షి పరిశోధకుడు, పశువైద్యురాలు, పాడి రైతు)

వ్యాఖ్యాత: నమస్కారం. ప్రపంచంలో దాదాపు 11 వేల పక్షి జాతులున్నాయి. వాటిలో ఎవరూ ముచ్చటపడని పక్షి గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. జటాయువును కళ్లకద్దుకునే మనమే రాబందు అన్న మాటను తిట్టుగా వాడతాం. పెద్దాయనా, మీ ఊళ్లో రాబందును చివరిసారి ఎప్పుడు చూశారు?

రైతు: పాతికేళ్లు దాటింది. నా చిన్నప్పుడు గొడ్డు చస్తే ఊరి బయటకు ఈడ్చుకెళ్లి వేసేవాళ్లం. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునేలోపే పైన చక్కర్లు మొదలయ్యేవి. మధ్యాహ్నానికి ఎముకలు తప్ప ఏమీ మిగిలేది కాదు. ఇప్పుడు వారం రోజులు కంపు, కుక్కల గుంపు. అవి ఎటు పోయాయో మాకు ఎవరూ చెప్పలేదు.

పరిశోధకుడు: ఎటూ పోలేదండీ, చచ్చిపోయాయి. 1990ల రెండో సగంలో రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో విభు ప్రకాశ్ అనే శాస్త్రవేత్త ఈ మార్పును గుర్తించారు. రాబందులు రోజుల తరబడి కొమ్మ మీద మెడ వాల్చి కూర్చునేవి. తర్వాత రాలిపోయేవి. తెల్లవీపు రాబందు ఒకప్పుడు మన దేశంలో లెక్కకు అందనంతగా ఉండేది. 1992 నుంచి 2007 లోపు అది 99.9 శాతం తగ్గిపోయింది. వెయ్యింటికి ఒకటి మిగిలిందన్నమాట.

వ్యాఖ్యాత: కారణం తెలియడానికి ఎందుకంత కాలం పట్టింది?

పశువైద్యురాలు: అందరూ ఏదో అంటువ్యాధి అనుకున్నారు. పాకిస్తాన్‌లో లిండ్సే ఓక్స్ అనే శాస్త్రవేత్త బృందం చచ్చిన పక్షులను కోసి చూసింది. గుండె మీద, కాలేయం మీద సున్నం చల్లినట్టు తెల్లటి పూత. అది యూరిక్ ఆమ్లం. మూత్రపిండాలు పనిచేయడం మానేస్తే అలా పేరుకుంటుంది. క్రిములేవీ దొరకలేదు, డైక్లోఫెనాక్ దొరికింది. 2004లో ఆ ఫలితం వెలువడింది. కుంటుతున్న ఎద్దుకూ పొదుగువాపు వచ్చిన గేదెకూ నొప్పి తగ్గాలని వేసే సూది మందు అది.

రైతు: డాక్టరమ్మా, ఆ సూది నేనూ వేయించాను. ఒక్కసారి కాదు.

పశువైద్యురాలు: మా వృత్తిలో వాళ్లం వేశాం, మీరు వేయించారు. చవకైన మందు, పశువు మర్నాటికి లేచి నిలబడేది. అది రాబందులకు విషమవుతుందని ఎవరికి తెలుసు? మందు వేసిన ఒకటి రెండు రోజుల్లో ఆ పశువు చచ్చి, దాన్ని రాబందులు తింటేనే ప్రమాదం.

వ్యాఖ్యాత: అలా చచ్చేవి తక్కువే కదా?

పరిశోధకుడు: తక్కువే సరిపోయింది. రాబందులు ఒంటరిగా తినవు. ఒకటి కిందికి దిగడం చూసి దూరాన ఉన్నది దిగుతుంది, దాన్ని చూసి మరొకటి. అలా ఒక్క గొడ్డు చుట్టూ పదులకొద్దీ చేరతాయి. ప్రతి 760 కళేబరాల్లో ఒకదానిలో మందు ఉన్నా ఇంత పతనం సాధ్యమేనని లెక్క తేలింది. పైగా రాబందు ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. పోయిన పక్షి స్థానంలో మరొకటి ఎదగడానికి దాదాపు ఐదేళ్లు. విచిత్రమేమిటంటే, అమెరికాలో వాసన పట్టి తిండి వెతుక్కునే టర్కీ రాబందు ఈ మందును ఎంతో ఎక్కువ మోతాదులో ఇచ్చినా తట్టుకుంది. ఆ ఖండపు రాబందులది వేరే వంశం.

వ్యాఖ్యాత: అంటే అక్కడివి క్షేమమా?

పరిశోధకుడు: వాటి కష్టం వాటిది. 1987 నాటికి కాలిఫోర్నియా కాండర్ అనే అక్కడి రాబందులు 27 మాత్రమే మిగిలాయి. వేటగాళ్లు చంపిన జంతువులను తిన్నప్పుడు తూటాల్లోని సీసం వాటిని ఇప్పటికీ చంపుతోంది. ఇక ఆఫ్రికాలో చూస్తే, 2019లో బోట్స్‌వానా దేశంలో ఏనుగుల కళేబరాలకు విషం పూస్తే 537 రాబందులు చచ్చాయి. కళేబరం పైన రాబందులు గుంపుగా తిరిగితే తమ జాడ అధికారులకు తెలుస్తుందని దొంగ వేటగాళ్లు అలా చేస్తారు.

వ్యాఖ్యాత: మనుషులకు జరిగిన నష్టం గురించి కూడా చెప్పాలి. రాబందులు పోయాక 2000–2005 మధ్య మన దేశంలో దాదాపు 5 లక్షల అదనపు మరణాలు సంభవించి ఉంటాయని ఇద్దరు ఆర్థికవేత్తలు 2024లో అంచనా వేశారు. కుళ్లిన కళేబరాలు, కలుషితమైన నీళ్లు, పెరిగిన కుక్కలు. పశువులకు డైక్లోఫెనాక్‌ను 2006లో నిషేధించారు కదా, డాక్టర్ గారూ, మరి ఆగిందా?

పశువైద్యురాలు: పూర్తిగా ఆగలేదు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను పశువులకు వాడారు. అందుకే 2015లో సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు కుదించారు. తర్వాత కీటోప్రోఫెన్, ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మందులు కూడా రాబందులకు ప్రాణాంతకమేనని తేలింది. పశువుల్లో వాటి వాడకాన్ని 2023లో ఆపేశారు. ఒక్కో మందును ఆపడానికి పదేళ్లు పడితే అప్పటిదాకా పక్షి మిగులుతుందా? నాకు చాలా బాధ కలిగించే విషయమిది.

పరిశోధకుడు: మిగిలినవి ఎక్కడ కనిపించాయో చూస్తే ఆ బాధ ఇంకా అర్థమవుతుంది. ఆసిఫాబాద్ జిల్లాలో పాలరాపు గుట్ట ఉంది. 2013లో ఆ రాతి అంచుల మీద పొడుగు ముక్కు రాబందుల గూళ్లు కనిపించాయి. చుట్టుపక్కల ఊళ్లలో పశువులకు ఏ సూది పడుతుందన్న దాని మీదే అలాంటి పక్షుల బతుకు.

రైతు: సరే, రేపు నా గేదె కుంటితే నేనేం అడగాలి?

పశువైద్యురాలు: మెలోక్సికామ్ అడగండి. నొప్పికి, వాపుకు పనిచేస్తుంది. రాబందుకు హాని చేయదని పరీక్షించి చూశారు.

రైతు: ఆ పేరు నాకు నోరు తిరగదమ్మా. ఒక కాగితం మీద తెలుగులో రాసివ్వండి. మందుల కొట్లో చూపిస్తాను, మా పాలకేంద్రం గోడకూ అంటిస్తాను.

(పశువైద్యురాలు కాగితం అందుకుంటారు)