సేఫ్ మోడ్‌లో బంగారంలా ఉంది, మామూలుగా ఆన్ చేస్తే హ్యాంగ్! | 650 వాట్ల పవర్ సప్లై రివ్యూ

నమస్తే అండి. ఇదిగో, ఈ డబ్బాలో ఉన్నది 650 వాట్ల పవర్ సప్లై, అంటే గోడలోంచి వచ్చే కరెంటును పీసీలోని భాగాలకు పంచేది. అమ్మేవాళ్లే ఊరికే పంపారు, నేను పైసా పెట్టలేదు. తర్వాత కామెంట్లలో అడక్కుండా ముందే చెప్పేస్తున్నా. వీడియో పెట్టే ముందు ఒకసారి చూపించమన్నారు, కుదరదన్నాను. ఫ్యాన్ సైజు ఎంత, వారంటీ ఎన్నేళ్లు, ఇవన్నీ మీరు ఎక్కడో చూసే వచ్చుంటారు కాబట్టి నేను మళ్లీ చదవను.

అసలు దీంతో నాకేం పని పడిందో చెప్తా. నా పీసీలో ఉన్నది ఐ5 9400ఎఫ్ ప్రాసెసర్, దానికి జోడీగా జీటీఎక్స్ 1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు. పాత జంట, గొడవల్లేకుండా కాపురం చేసుకుంటున్నాయి. హైదరాబాద్‌లో మా పిన్ని కొడుకు బ్లెండర్‌లో 3డీ బొమ్మల పని చేస్తాడు. వాడు పెద్ద కార్డు కొనుక్కుని, తన ఆర్‌టీఎక్స్ 3060ని నాకిచ్చాడు. "పెట్టుకో అన్నయ్యా, ఐదు నిమిషాల పని" అన్నాడు. పెట్టడానికి నిజంగా ఐదు నిమిషాలే పట్టింది. పీసీ లేవడానికి నాలుగు రోజులు పట్టింది.

ఆన్ చేస్తే మదర్‌బోర్డు లోగో వస్తుంది. విండోస్ గుర్తు వస్తుంది. కింద చుక్కలు మూడు నాలుగు చుట్లు తిరిగి, అక్కడే ఆగిపోతాయి. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కితే లైటు కూడా మారదు. అంటే స్క్రీన్ ఒక్కటే కాదు, మొత్తం మెషీనే బిగుసుకుపోయిందన్నమాట. బటన్ నొక్కి పట్టుకుని ఆపడం, మళ్లీ ఆన్ చేయడం. రెండు మూడు సార్లు అలా చేస్తే రిపేర్ స్క్రీన్ వస్తుంది కదా, అందులోంచి సేఫ్ మోడ్‌లోకి, అంటే విండోస్ అత్యవసరమైన వాటితో మాత్రమే లేచే మోడ్‌లోకి వెళ్లాను. హాయిగా తెరుచుకుంది! గంటసేపు అలాగే ఉంచినా ఏమీ కాలేదు.

ఇక్కడే నేను బోల్తా పడ్డాను. సేఫ్ మోడ్‌లో పనిచేస్తోంది కాబట్టి హార్డ్‌వేర్ బాగానే ఉంది, తప్పంతా డ్రైవర్‌దే, అంటే కార్డును విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్‌దే అని తీర్మానించేసుకున్నా. మనందరికీ నేర్పింది అదే కదా. డీడీయూ అని డ్రైవర్లు తుడిచే టూల్ ఉంది, అది పెట్టి పాత డ్రైవర్‌ను ఆనవాళ్లు లేకుండా తుడిచేశాను. కొత్తది వేస్తుంటే మధ్యలోనే హ్యాంగ్. ఇంకొంచెం పాతది వేశాను, అదీ అంతే. మూడో రోజు కోపమొచ్చి విండోస్ మొత్తం ఫార్మాట్ చేశాను. బాగానే లేచింది. "హమ్మయ్య" అనుకుని టీ పెట్టుకుని వచ్చేసరికి, విండోస్ అప్‌డేట్ తనంతట తాను డ్రైవర్ తెచ్చి వేసుకుంది. మళ్లీ హ్యాంగ్. టీ చల్లారిపోయింది.

పాత 1050 టీఐ పెడితే ఏ గొడవా లేదు. దాంతో కార్డే పాడై ఉంటుందని మా వాడికి ఫోన్ చేశాను. "నా దగ్గర ఒక్కసారి కూడా ఆగలేదు అన్నయ్యా" అన్నాడు, కొంచెం నొచ్చుకున్నాడు కూడా.

సేఫ్ మోడ్‌లో ఏం జరుగుతుందంటే, విండోస్ కార్డు కంపెనీ డ్రైవర్‌ను ముట్టుకోదు. తన దగ్గరున్న బేసిక్ డ్రైవర్‌తో బొమ్మ చూపిస్తుంది. కార్డు సగం నిద్రలో ఉంటుంది, కరెంటు పెద్దగా తాగదు. అసలు డ్రైవర్ లోడ్ అయిన క్షణాన కార్డు ఒళ్లు విరుచుకుని స్పీడు పెంచుతుంది, ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. ఆ కరెంటు ఇవ్వలేని పవర్ సప్లై ఉంటే సరిగ్గా అక్కడే పడుతుంది. కాబట్టి డ్రైవర్ పాడైనా, పవర్ చాలకపోయినా, సేఫ్ మోడ్‌లో రెండూ ఒకేలా కనిపిస్తాయి! సేఫ్ మోడ్‌లో బాగుంది కదా అని పవర్ సప్లైని వదిలేయకండి. నేను వదిలేసి నాలుగు రోజులు పోగొట్టుకున్నాను.

"పవర్ చాలకపోతే పీసీ ఆఫ్ అవ్వాలి కదా, హ్యాంగ్ ఎందుకవుతుంది?" అని అడుగుతారు. మంచి సప్లై అయితే తనను తాను కాపాడుకోవడానికి ఆఫ్ అయిపోతుంది. చవక వాటిలో ఆ కాపలా సరిగా ఉండదు. 12 వోల్ట్ల లైనులో వోల్టేజీ జారుతుంది, కార్డు మూర్ఛపోతుంది, దాని జవాబు కోసం విండోస్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. విండోస్ తన చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్ పవర్ 41 అని కనబడుతుంది, దాన్ని చూసి సాక్ష్యం దొరికిందనుకోకండి. పీసీ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే దానర్థం. మీరు బటన్ నొక్కి ఆపినా అదే వస్తుంది.

ఇప్పుడు నా పాత సప్లై లేబుల్ చూడండి, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా. పైన ఇంత లావున 500 వాట్లు అని ఉంది. దాని కింద, చీమ తలకాయంత అక్షరాల్లో, 12 వోల్ట్లు 18 ఆంపియర్లు అని ఉంది. వోల్ట్లని ఆంపియర్లతో హెచ్చిస్తే వాట్లు. పన్నెండు పద్దెనిమిదులు? 216. ఈ రోజుల్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ బతికేది ఆ 12 వోల్ట్ల లైను మీదే. 3060 ఒక్కదానికే 170 వాట్లు, ప్రాసెసర్‌కి 65, బూస్ట్‌లో ఇంకా ఎక్కువ. అక్కడికే 235 దాటింది, ఫ్యాన్లు, డిస్కులు ఇంకా కలపలేదు. 3060 చిప్ తయారు చేసే ఎన్విడియా దానికి చెప్పేది 550 వాట్ల సప్లై. 500 అంటే దాదాపు దగ్గరే కదా అనుకున్నా నేను. 500 ఎక్కడుంది అందులో?

1050 టీఐతో ఇన్నాళ్లు ఎలా నడిచిందంటే, అది మొత్తం 75 వాట్ల కార్డు. మదర్‌బోర్డు స్లాట్‌లోంచి వచ్చే 75తోనే బతికేస్తుంది, విడిగా వైరు అక్కర్లేదు. 3060కి ఎనిమిది పిన్నుల వైరు కావాలి. నా దాంట్లో అది లేదు. నేనేం చేశాను? రెండు మోలెక్స్ వైర్లను, అంటే పాతకాలం డిస్కులకిచ్చే నాలుగు పిన్నుల వైర్లను కలిపి ఎనిమిది పిన్నులు చేసే కన్వర్టర్ కొని పెట్టాను. ఇదిగో, ప్లాస్టిక్ పసుపు రంగు తిరిగింది చూడండి. ఇంకో వారం అలాగే వాడి ఉంటే ఈ వీడియో వేరే రకంగా ఉండేది. సప్లైలోనే ఎనిమిది పిన్నుల వైరు లేదంటే, ఆ కార్డుకు అది సరిపోదని తయారు చేసినవాడే చెప్తున్నట్టు. కన్వర్టర్ కొని వాడి నోరు మూయించకండి.

చివరికి ఫ్రెండ్ పీసీలోంచి సప్లై ఊడదీసి తెచ్చి, దాని వైర్లతో సహా పెడితే, మొదటిసారికే లేచింది. దాని వైర్లతో సహా అని ఎందుకంటున్నానంటే, ఊడొచ్చే వైర్లున్న సప్లైలలో ఒకదాని వైరు ఇంకోదానికి వాడకూడదు. ప్లగ్గు పట్టినా లోపల పిన్నుల వరస వేరుగా ఉండొచ్చు. హార్డ్ డిస్క్ పోతుంది.

కొత్తది కొందామని చూస్తుంటే ఈ కంపెనీ మెయిల్ వచ్చింది. అదృష్టం అనుకోండి. ఇందులో 12 వోల్ట్లు 54 ఆంపియర్లు, అంటే 648 వాట్లు. పేరులో ఉన్నదే లోపలా ఉంది. కానీ ఆ లెక్క ఎక్కడ వేశారు? డబ్బా అడుగున! సప్లై మీదున్న లేబుల్ కూడా, క్యాబినెట్‌లో బిగించాక గోడ వైపు తిరిగిపోతోంది. ముందు మాత్రం బ్రాంజ్ బొమ్మ మెరుస్తోంది. బ్రాంజ్ అంటే గోడలోంచి తీసుకునే కరెంటులో ఎంత వృథా అవుతుందో చెప్పే లెక్క. అసలు అడగాల్సింది ఆంపియర్లు. కంపెనీ బాబులూ, మీకేమైంది? ప్రాసెసర్ వైరు ఇంకో రెండంగుళాలు పొడుగుండాల్సింది, బోర్డు వెనక నుంచి లాగితే వీణ తీగలా బిగుసుకుంది.

ఇవన్నీ క్షమించేశా. ఎందుకో చెప్తా. మాది రాజమండ్రి. ఎండాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడొస్తుందో తెలీదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. కానీ పాత సప్లైతో, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపే పీసీ రీస్టార్ట్ అయ్యేది. నేను ఇన్వర్టర్‌ని తిట్టేవాణ్ణి. ఆ క్షణకాలం పీసీని మోయాల్సింది సప్లైలో కరెంటు దాచుకునే కెపాసిటర్లు. పీసీ సప్లైలకున్న ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం సుమారు 16, 17 మిల్లీసెకండ్లు మోయాలి. ఇది మోస్తోంది! ఇన్వర్టర్ మీద, కరెంటు పోగానే ఇంకా త్వరగా అందుకునేలా యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది, అది వేసి ఉంచాను. మొన్న ఎడిటింగ్ చేస్తుంటే రెండుసార్లు కరెంటు పోయింది. లైటు రెప్పపాటు మినుకుమందేమో, నా ప్రాజెక్టు మాత్రం కదల్లేదు. మా ఆవిడ "కరెంటు పోయిందా?" అని అడిగేదాకా నాకు తెలీదు. నేను ఇంకో పరీక్ష పెట్టదల్చుకోలేదు. నాకిది నచ్చింది, నా డబ్బుతో అయినా కొంటాను, ఆ లేబుల్ ముందు పక్కకి వేస్తే ఇంకా సంతోషంగా కొంటాను.

మీది విండోస్ దాకా కూడా రాకుండా, మదర్‌బోర్డు లోగో దగ్గరే ఆగితే ఆ కథ వేరు. బయాస్ (మదర్‌బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) అప్‌డేట్, అందులో పాత పద్ధతి బూట్ కోసం ఉండే సీఎస్ఎం సెట్టింగ్, కార్డు స్లాట్‌లో సరిగ్గా కూర్చోకపోవడం, అవి చూడండి. బోర్డు మీద, గ్రాఫిక్స్ కార్డు సమస్యను చెప్పే వీజీఏ అనే చిన్న లైటు వెలుగుతోందేమో కూడా చూడండి. దాని మీద విడిగా వీడియో చేస్తా.

ఆ, పాత సప్లై. మా తమ్ముడు "పారేస్తే నాకివ్వు అన్నయ్యా, ఏదో ఒకదానికి పనికొస్తుంది" అన్నాడు. ఇవ్వలేదు. వంటింట్లో కాటా మీద పెట్టి చూశా, కొత్తదాంట్లో సగం బరువు కూడా లేదు. పాత సామాన్ల అతను వస్తే ఇచ్చేశా. అతను చేత్తో ఎత్తి చూసి, "ఇందులో ఏముంది సార్, అంతా రేకే" అన్నాడు.