రెండు గీతలు కలిపి చూపించే డబ్బా: 137 కిలోహెర్ట్జ్ యాంటెనా మ్యాచింగ్ యూనిట్ రివ్యూ

హాయ్ అండి, అందరికీ నమస్తే. ఇవాళ చూసేది హ్యామ్ రేడియోవాళ్ళ 137 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌లో ట్రాన్స్‌మిటర్‌కీ యాంటెనాకీ పొత్తు కుదిర్చే డబ్బా. ముందే చెప్పేస్తా, ఈ డబ్బా నేను కొనలేదు, తయారుచేసినవాళ్ళు వాడి చూడమని ఊరికే పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమని కూడా అడగలేదు, అడిగినా చూపించేవాణ్ణి కాదు. స్పెసిఫికేషన్లు మీరు ఈపాటికి చదివేసే ఉంటారు కాబట్టి వాటి జోలికి పోను. లోపల ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, వేరియోమీటర్, అంటే తిప్పి ఇండక్టెన్స్ మార్చుకునే కాయిల్ ఒకటి, వెనకాల రెండు బీఎన్‌సీ సాకెట్లు, అంతే సరుకు. పొట్టి యాంటెనాని ట్యూన్‌లోకి తెచ్చే మెయిన్ లోడింగ్ కాయిల్ ఇందులో రాదు, అది మనమే చుట్టుకోవాలి. ఈ ముక్క పెట్టె మీద ఎక్కడా పెద్దక్షరాలతో రాయలేదు, నాకది నచ్చలేదు.

హెచ్ఎఫ్, అంటే షార్ట్‌వేవ్ నుంచి కొత్తగా ఇటు వచ్చేవాళ్ళకి ఒక్క మాట. 137 కిలోహెర్ట్జ్ దగ్గర వేవ్‌లెంగ్త్ దాదాపు 2190 మీటర్లు, క్వార్టర్ వేవ్ అంటే 547 మీటర్లు, అంత ఎత్తు టవర్ ఎవడి దగ్గరుంటుంది చెప్పండి. నాది 10 మీటర్ల నిలువు తీగ, పైన 40 మీటర్ల అడ్డ తీగ. మీటర్‌కి సుమారు 5, 6 పీకోఫారడ్ల లెక్కన మొత్తం 260 పీకోఫారడ్లు వస్తుంది, అంటే అది యాంటెనా కంటే కెపాసిటర్ అనడమే న్యాయం. దాని రియాక్టెన్స్, అంటే ఏసీకి అది పెట్టే అడ్డు, 4500 ఓమ్‌ల దగ్గర్లో ఉంటుంది. దాన్ని కొట్టేయడానికి 5.2 మిల్లీహెన్రీల కాయిల్ కావాలి. నేను 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ము మీద 190 చుట్లు చుట్టా, 180 మీటర్ల తీగ పట్టింది, మధ్యలో లెక్క తప్పి 70 చుట్లు విప్పి మళ్ళీ మొదలెట్టా, ఆ రోజు నన్నెవరూ పలకరించకుండా ఉంటే బాగుండేది.

ఇంత చేసినా రేడియేషన్ రెసిస్టెన్స్, అంటే గాల్లోకి వెళ్ళే పవర్ లెక్కకి వచ్చే రెసిస్టెన్స్, 0.03 ఓమ్ కూడా రాదు. మిగతాదంతా నేల, కాయిల్, చుట్టుపక్కల చెట్లు తినేసేదే, నా దగ్గర ఆ లాస్ అంతా కలిపి 60 ఓమ్‌లు. 100 వాట్లు పోస్తే యాంటెనా కరెంట్ 1.3 యాంపియర్లు, గాల్లోకి వెళ్ళేది 40 మిల్లీవాట్ల పైచిలుకు. ఈఐఆర్‌పీ అంటే అన్ని వైపులకీ సమానంగా చిమ్మే యాంటెనాతో పోల్చి చెప్పే పవర్, ఇలాంటి పొట్టి నిలువు యాంటెనాకి ఆ లెక్క దాదాపు మూడు రెట్లు. 2007 ప్రపంచ రేడియో కాన్ఫరెన్స్‌లో ఈ బ్యాండ్ ఇచ్చినప్పుడు 1 వాట్ ఈఐఆర్‌పీ దాటకూడదని పెట్టారు కదా, దాటడం సంగతి దేవుడెరుగు, అందులో ఏడో వంతుకి చేరడానికే నాకు చెమటలు పట్టాయి. ఇంకోటి, ఆ 1.3 యాంపియర్లే కాయిల్ పై కొసన 5800 వోల్టులు అవుతాయి, పీక్ 8 వేలు దాటుద్ది. పవర్ ఉండగా ఆ కొస దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళకండి. ఆర్ఎఫ్ కాలితే పైకి చిన్న తెల్ల మచ్చే కనపడుద్ది, లోపల మాత్రం లోతుగా కాలి ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి, ఈ వీడియోలో సగం దీని గురించే, ఓపిక పట్టండి. వెనకాల ఆ రెండు బీఎన్‌సీలున్నాయి చూసారా, ఒకదాంట్లో వోల్టేజ్ శాంపిల్, రెండోదాంట్లో కరెంట్ శాంపిల్. రెండు ఛానెళ్ళ స్కోప్‌కి, అంటే అలల్ని తెర మీద గీసి చూపించే ఆసిలోస్కోప్‌కి పెట్టేసి పవర్ కొద్దిగా ఇస్తే రెండు అలలు కనపడతాయి. రెండూ ఒకేచోట సున్నా దాటితే రెజొనెన్స్, అంటే కాయిల్, యాంటెనా రియాక్టెన్స్‌లు ఒకదాన్నొకటి కొట్టేసాయని. కరెంట్ అల వెనకబడితే యాంటెనా ఇండక్టివ్ వైపు ఉంది, కాయిల్ తగ్గించాలి. ముందుకొస్తే కెపాసిటివ్, కాయిల్ పెంచాలి. ఎత్తులు కూడా ట్రాన్స్‌మిటర్ కోరుకునే 50 ఓమ్‌లకి సమానంగా ఉండేలా వాళ్ళే అమర్చారు, కాబట్టి కరెంట్ అల పొడుగ్గా ఉంటే రెసిస్టెన్స్ 50 కంటే తక్కువ, వోల్టేజ్ అల పొడుగ్గా ఉంటే ఎక్కువ. అంతే అండి, చిన్నపిల్లాడికైనా అర్థమవుద్ది.

దీనికింత హడావుడి ఎందుకంటే, మ్యాచింగ్ ఎంత చెడిందో ఒక అంకెలో చూపించే ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ ఈ పని చెయ్యదు. 2 చూపించిందనుకోండి, అది 25 ఓమ్‌లా, 100 ఓమ్‌లా, రియాక్టెన్స్ మిగిలిపోయిందా, ముల్లు మాత్రం ఒకేచోట నిలబడుద్ది. జ్వరం ఉందని చెప్తుంది గానీ ఏ జ్వరమో చెప్పదు. హెచ్ఎఫ్‌లో ట్యూనర్ నాబ్ అటూ ఇటూ తిప్పి ఎలాగో నెట్టుకొస్తాం, ఇక్కడ క్యూ, అంటే ట్యూనింగ్ ఎంత పదునో చెప్పే అంకె, 70 పైన ఉంది, మొత్తం బ్యాండ్‌విడ్త్ 1.8 కిలోహెర్ట్జ్, ఏ వైపు తిప్పాలో తెలీకుండా తిప్పితే అసలు స్థానాన్ని దాటేసి వెళ్ళిపోయామన్న సంగతి కూడా తెలీదు.

నాకు ఏ వైపు అన్నదాని విలువ ఎలా తెలిసిందో చెప్తా. దీనికి ముందు నా దగ్గర సొంతంగా చేసుకున్న మ్యాచింగ్ ఉండేది, అందులో ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ తప్ప ఇంకేం లేదు. ఒక రాత్రి మంచు బాగా పడుతుంటే ట్యూన్ చేసి, ముల్లు కింద పడుకుందని మురిసిపోయి, విస్పర్, అంటే కంప్యూటర్ తనంతట తానే సిగ్నల్ పంపే డిజిటల్ మోడ్, పెట్టేసి పడుకున్నా. తెల్లారాక ఎండొచ్చింది, తీగలు, చెట్లు ఆరిపోయాయి, యాంటెనా కెపాసిటెన్స్ తగ్గింది. ఒక్క శాతం, అంటే 2.6 పీకోఫారడ్లు తగ్గినా రెజొనెన్స్ దాదాపు 0.7 కిలోహెర్ట్జ్ పైకి జరుగుద్ది, ఫేజ్, అంటే ఆ రెండు అలల మధ్య ఎడం, 36 డిగ్రీలు కదిలిపోద్ది. నా పీఏ, అంటే పవర్ యాంప్లిఫయర్, క్లాస్ డి, రెండు ఫెట్లు (ట్రాన్సిస్టర్లు) స్విచ్చుల్లా వంతులవారీగా ఆన్ అయ్యే రకం, ఔట్‌పుట్‌లో సిరీస్ ఎల్సీ, అంటే వరసగా ఒక కాయిల్, కెపాసిటర్ ఒక్కటే, కాబట్టి యాంటెనా ఏ వైపుకి ఒరిగితే ఫెట్లకీ అదే కనపడుద్ది. కెపాసిటివ్ వైపుకి ఒరిగింది. అప్పుడు ఒక ఫెట్ లోపలి డయోడ్ ఇంకా మూసుకోకముందే ఎదుటి ఫెట్ ఆన్ అవుద్ది, ఆ కాస్త సేపట్లో సప్లై కరెంట్ నేరుగా రెండిట్లోంచి దూసుకెళ్తుంది, అది సెకనుకి లక్షా ముప్పై ఏడు వేల సార్లు. లేచి చూస్తే గదంతా కాలిన వాసన, రెండు ఫెట్లు, గేట్ డ్రైవర్ ఐసీ పోయాయి, ఒక ఫెట్ నడినెత్తిన ముక్క ఎగిరిపోయి బల్ల కింద దొరికింది.

అదే ఇండక్టివ్ వైపుకి ఒరిగి ఉంటే పవర్ తగ్గేది, అంతే, ఏమీ పేలేది కాదు. అందుకే ఇప్పుడు నేను రెండు గీతల్ని పూర్తిగా కలపను, కరెంట్ గీతని వెంట్రుకవాసి వెనక ఉంచుతా. మీ పీఏ తర్వాత π ఆకారం లోపాస్ ఫిల్టర్ ఉంటే మాత్రం ఈ మాట గుడ్డిగా నమ్మకండి, ఫిల్టర్ ఆ వైపుల్ని తారుమారు చెయ్యగలదు, డ్రెయిన్ దగ్గర వేవ్‌ఫామ్ ఒకసారి చూసుకోండి.

కేబుల్ పొడుగు గురించి కంగారేం వద్దు. 20 మీటర్ల కోయాక్స్ ఈ ఫ్రీక్వెన్సీలో 5 డిగ్రీల ఫేజ్‌కి మించదు, డబ్బా బయట కాయిల్ దగ్గర పెట్టి స్కోప్ లోపల పెట్టుకున్నా తేడా తెలీదు. నేను అలాగే పెట్టుకున్నా.

ఇక తిట్లు. మూత. అయ్యా, వేరియోమీటర్ అంటే కాయిల్ లోపల కాయిల్ తిరిగే వస్తువు, దాని చుట్టూ ఫీల్డ్ ఉంటుందని డిజైన్ చేసినవాళ్ళకి తెలీదా? రెండు వేళ్ళ దూరంలో అల్యూమినియం మూత బిగించారు. విస్పర్ పది స్లాట్లు నడిపి చెయ్యి పెడితే మూత గోరువెచ్చగా కాదు, వేడిగా ఉంది. విస్పర్ స్లాట్ అంటే దాదాపు 2 నిమిషాలు ఆపకుండా ఫుల్ పవర్ కదా, సీడబ్ల్యూలో, అంటే మోర్స్ కోడ్‌లో లాగా మధ్యలో ఊపిరి తీసుకునేది ఉండదు. మూత తీసేసా, యాంటెనా కరెంట్ 1.26 నుంచి 1.29కి పెరిగింది. లెక్కేస్తే 3 ఓమ్‌ల లాస్, 5 వాట్లు అప్పనంగా మూతని కాచడానికి. మీరనొచ్చు, అది 0.2 డీబీ, అవతల ఎవడికీ వినపడదని. నిజమే, వినపడదు. కానీ మూత పెట్టిన ప్రతిసారీ ఇండక్టెన్స్ మారి ట్యూనింగ్ జరిగిపోతుంది, మూత తీసి సరిచేసి మూత పెడితే మళ్ళీ తప్పు. మూడుసార్లు ఇలా చేసాక ఆ మూతని అటక మీద పడేసి, వంటింట్లోంచి ఒక ప్లాస్టిక్ డబ్బా మూత తెచ్చి కోసి బిగించా. బాగానే ఉంది, ఇంట్లో మాత్రం ఆ డబ్బా గురించి అడుగుతున్నారు.

ట్రాన్స్‌ఫార్మర్ చుట్లు మార్చే ట్యాప్ స్విచ్ సంగతి తొందరగా చెప్పేస్తా. ప్రైమరీ 20 చుట్లు, సెకండరీ 16 నుంచి 28 దాకా రెండేసి చొప్పున ట్యాపులు, అంటే 32 ఓమ్‌ల నుంచి 98 దాకా. నాకు 22 దగ్గర కుదిరింది, 60 ఓమ్‌లు. వాన పడ్డాక ఒక మెట్టు మారుద్ది. పవర్ ఉండగా తిప్పొద్దని లోపల కాగితం మీద రాసారు, అదేదో ముందు ప్యానెల్ మీద రాసుంటే నేను ఆ టిక్కుమనే నిప్పురవ్వ చూసేవాణ్ణి కాదు.

475 కిలోహెర్ట్జ్‌లో కూడా పెట్టి చూసా, అక్కడ ఇదే యాంటెనాకి 430 మైక్రోహెన్రీలు చాలు, పన్నెండో వంతు, చాలా వరకు ఈ వేరియోమీటరే సరిపెట్టేస్తుంది, అడ్డంకులేవీ రాలేదు, అందుకే చెప్పడానికీ ఏం లేదు.

మరి తీసుకోవచ్చా? మీ దగ్గర స్కోప్ లేకపోతే వద్దు, ఆ రెండు సాకెట్లు వాడకపోతే ఇందులో మిగిలేది మీరే చుట్టుకోగలిగిన ట్రాన్స్‌ఫార్మర్, తిట్టుకుంటూ వాడే మూత. స్కోప్ ఉంటే, మీ పీఏ క్లాస్ డి అయితే, కళ్ళు మూసుకుని తీసుకోండి. మార్కులు వెయ్యమంటే మూతకి సున్నా. డబ్బా మాత్రం నేను వెనక్కి పంపను, పంపమన్నా పంపను.

సరే అండి, మాట్లాడుతూ స్కోప్ వంక చూస్తున్నా, కరెంట్ గీత అప్పుడే వెనక్కి జారుతోంది, బయట మంచు మొదలైనట్టుంది. వెళ్ళి వేరియోమీటర్ ఒక్క పిసరు తిప్పొస్తా, తెల్లారక ముందే అలారం కూడా పెట్టుకోవాలి. ఉంటానండి.