నీటిలో నాటిన పునాది

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలోని బోస్టన్ నగరంలో ట్రినిటీ చర్చి ఉంది. కొండలా కూర్చున్న ఆ రాతి కట్టడాన్ని మోస్తున్నవి సుమారు 4,500 కర్ర దుంగలు. బురద నేలను మట్టితో పూడ్చి మెరక చేసిన చోటు అది. దుంగలను నిలువునా లోతుకు దిగగొట్టి, వాటిపై గ్రానైట్ పునాది లేపారు. నీటిలో మునిగి ఉన్నంతకాలం ఆ కర్రకు ఢోకా లేదు. నీటిమట్టం పడిపోయి ప్రాణవాయువు తగిలితే మాత్రం కుళ్లు మొదలవుతుంది. అందుకే ఆ ప్రాంతంలో భూగర్భజలాన్ని నేటికీ కనిపెట్టి చూస్తుంటారు.

ఈ చర్చిని రూపొందించిన హెన్రీ హాబ్సన్ రిచర్డ్‌సన్, ప్రాణవాయువు మీద పరిశోధనలతో పేరుపొందిన జోసెఫ్ ప్రీస్ట్లీకి మునిమనవడు కావడం ఎంత చిత్రం!

రిచర్డ్‌సన్ 1838లో లూసియానా రాష్ట్రంలో పుట్టారు. నత్తి ఉన్నందున సైనిక విద్యాలయంలో చోటు దొరకలేదు. హార్వర్డ్‌లో పట్టా పుచ్చుకుని, భవన నిర్మాణ కళ నేర్వడానికి పారిస్ వెళ్లారు. అంతలో స్వదేశంలో అంతర్యుద్ధం వచ్చి ఇంటి నుంచి డబ్బు ఆగిపోయింది. చదువు మానలేదు. ఒక వాస్తుశిల్పి దగ్గర నక్షాలు గీస్తూ పొట్టపోసుకున్నారు. ఆయన మీద నాకు గౌరవం మొదలైంది ఇక్కడే.

1865లో తిరిగి వచ్చారు. 1872లో ట్రినిటీ చర్చి పని దక్కింది, 1877లో అది పూర్తయింది. నునుపు చేయని మోటు రాళ్లు, బరువైన అర్ధచంద్రాకారపు కమానులు, లోతైన ద్వారాలు. ఆ శైలికి ఆయన పేరే స్థిరపడింది. 1885లో ఒక వృత్తి పత్రిక దేశంలోని పది ఉత్తమ భవనాలేవని వాస్తుశిల్పులను అడిగితే, వారు ఎంచిన పదింటిలో ఐదు ఆయనవే. మొదటి స్థానం ట్రినిటీది.

అప్పటికే మూత్రపిండాల జబ్బు ఆయనను తినేస్తోంది. బోస్టన్ పక్కనున్న బ్రూక్‌లైన్‌లో ఇంటికి ఆనుకునే కార్యాలయం. మంచం మీది నుంచే శిష్యుల గీతలు దిద్దేవారు. పిట్స్‌బర్గ్ న్యాయస్థానం, షికాగోలో మార్షల్ ఫీల్డ్ టోకు దుకాణం పూర్తి కావడం చూడాలన్నదే ఆయన కోరిక. అది తీరలేదు. 1886 ఏప్రిల్ 27న, 47 ఏళ్లకే కన్నుమూశారు.

రెండింటినీ శిష్యులే పూర్తి చేశారు. పిట్స్‌బర్గ్‌లో వీధికి అడ్డంగా రాతి వంతెన వేసి న్యాయస్థానాన్ని జైలుతో కలిపారు. ఆ న్యాయస్థానంలో ఇప్పటికీ విచారణలు జరుగుతున్నాయి. నాలుగు వీధుల నడుమ స్థలం మొత్తాన్ని ఆక్రమించిన ఏడంతస్తుల షికాగో దుకాణాన్ని మాత్రం 1930లో కూల్చి, ఆ స్థలాన్ని కార్లు నిలుపుకోవడానికి ఇచ్చారు. దాని పాత ఫోటోలు చూసినప్పుడల్లా నా మనసు కలుక్కుమంటుంది.